సుద్దముక్క రాతలు

మోటారు షెడ్డు తలుపు చూడగానే జీవరాజుకి ఒళ్ళు మండిపోయింది.

సుద్దముక్కతో ఎవరో పెద్ద పెద్ద అక్షరాలు రాశారు.

'నిన్న చంద్రరావు గారి మోటారు మూడు గంటలు ఆడింది. మీది ఏడు.'

కడియంలో అయిదెకరాల నర్సరీ అతనిది. ఉచిత కరెంటు వచ్చాక మోటారు కట్టేసే అలవాటే పోయింది.

రోడ్డున పోయేవాళ్ళు చదివి నవ్వుకుంటున్నారు.

కండువాతో చెరిపేశాడు.

మర్నాడు మళ్ళీ రాత. 'చంద్రరావు గారిది మూడు. మీది ఆరున్నర.'

"ఆ పక్కతోట చంద్రరావు కంటే నేను తీసిపోయానా?"

పళ్ళు నూరుకుంటూ, ఆ రోజు మొక్కలు తడవగానే మోటారు కట్టేశాడు.

వారం తిరిగేసరికి ఇద్దరిదీ మూడే. ఆ వరసలో అన్ని షెడ్ల తలుపుల మీదా రాతలే. తోటలవాళ్ళంతా పొద్దున్నే తమ తలుపుతోపాటు పక్కవాడి తలుపు కూడా చూసి, మోటార్లు తొందరగా కట్టేయసాగారు.

అయినా జీవరాజు కోపం చల్లారలేదు. కాపు కాసి పట్టుకున్నాడు.

అరవై దాటిన ముసలాయన. కళ్ళజోడుకి దారం. పక్కన సైకిలు.

"ఎవడివయ్యా నువ్వు? మా మోటారు సంగతి నీకెలా తెలుసు?"

"కాలవగట్టు మీద కూర్చుని చప్పుడు వింటానండి. గడియారం చూసి రాస్తానండి."

"మా కరెంటు మా ఇష్టం! మధ్యలో నీకేంటి బాధ?"

ముసలాయన సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"బతిమాలితే ఎవరూ కట్టరండి. పక్కతోట సంగతి రాస్తే కడతారండి."

"నాకే పాఠాలు చెప్తావా!"

జీవరాజు ఆయన చొక్కా పట్టుకుని ఒక్క తోపు తోశాడు. ముసలాయన సైకిలుతో సహా బోదె కాలవలో పడ్డాడు. లేచి, బురద చేతులతోనే దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. తోటలవాళ్ళకి మోటారు కట్టేసే అలవాటు మాత్రం ఉండిపోయింది.

మే నెలాఖర్లో లైన్ ఇన్‌స్పెక్టర్ జ్ఞానప్రకాశం వచ్చాడు.

"ఏం చేశారండీ? ఈ వేసవంతా మీ తోటల ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారి కూడా కాలలేదు!"

"మీరు పంపిన సుద్దముక్క ముసలాడి గొడవే అదంతా. బోదెలోకి తోసి తరిమేశాను."

"మేమెవర్నీ పంపలేదే! ఎలా ఉంటాడండీ?"

"బక్కగా, కళ్ళజోడుకి దారం కట్టుకుని..."

జ్ఞానప్రకాశం మొహం ఎర్రబడింది. గొంతులో మర్యాద పోయింది.

"గంగయ్య గారిని తోశావా?"

"ఎవరాయన?"

"నిరుడు మీ మోటార్లన్నీ ఒకేసారి ఆడి ఈ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, బాగుచెయ్యడానికి ఎక్కి షాక్ కొట్టి పోయాడే మా లైన్‌మేన్... వాడి తండ్రి!"