శనివారం పీచ్ శర్బత్

"ఏం కలుపుతున్నవ్ బిడ్డా, ఇంత సేపటి సంది?"

వెనక నుంచి అత్తగారి గొంతు వినబడేసరికి విజయశ్రీ చేతిలోని సీసా గాల్లోనే ఆగిపోయింది. సీసా అంటే సీసా కాదు, ఆవకాయ పెట్టుకోవడానికి పనికొచ్చేలాంటి గాజు జాడీ. అందులో ఉన్నది మూన్‌షైన్. జగన్మోహన్ ఆఫీసులో ఎవరో టెనెస్సీ వెళ్ళి తెచ్చిచ్చారు. చూడ్డానికి మంచినీళ్ళే, మూత తీస్తే మాత్రం కళ్ళలోంచి నీళ్ళు తెప్పిస్తుంది.

"అమెరికా వాళ్ళ నాటుసారా," అని పొద్దున జగన్మోహన్ దాన్ని ముచ్చటగా పరిచయం చేసి, పెళ్ళాం చేతిలో పెట్టి, తాను గ్రిల్ తోముకోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వెళుతూ వెళుతూ, "అమ్మకి తెలిస్తే ఇవాళే రిటర్న్ టికెట్ బుక్ చెయ్యమంటుంది. ఎలాగోలా మేనేజ్ చెయ్," అని ఒక బాధ్యత కూడా అప్పజెప్పాడు. నాలుగింటికి నాలుగు కుటుంబాలు వస్తున్నాయి. ఇప్పుడు రెండున్నర.

"శర్బత్ అత్తయ్యా," అంది విజయశ్రీ. "పీచ్ పళ్ళు, నిమ్మకాయ, పుదీనా."

"ఆ జాడీల?"

"వెనిగర్."

"శర్బత్‌ల వెనిగరా?"

"ఇక్కడ వేస్తారండీ. డైజెషన్‌కి మంచిదట."

అమెరికాలో కాపురం చేసే కోడళ్ళకున్న పెద్ద సౌకర్యం ఆ 'ఇక్కడ' అన్న మాట. దాని వెనక ఎంత పెద్ద వస్తువైనా దాగుతుంది. అత్తగారు మాత్రం వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, బ్లెండర్‌లో తిరుగుతున్న పీచ్ ముక్కల్ని పరీక్షగా చూసింది. శనివారం ఒంటిపూట భోజనం, ఉల్లిపాయ ముట్టని మనిషి. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచి ఫ్రిజ్‌లో గుడ్లు కూడా కింది అరలో, పాలకూర చాటున బతుకుతున్నాయి.

"పాకం పల్చగున్నది. అల్లం పడాలె. ఇలాచీ ఏది?"

"ఆ పై డబ్బాలో."

అత్తగారు డబ్బా కోసం అటు తిరగ్గానే విజయశ్రీ జాడీలోంచి రెండు కప్పులు కూజాలోకి వంపేసి, ఐసు గుమ్మరించి, గరిటెతో గిరగిరా తిప్పేసింది. ఆవిడ ఇటు తిరిగేసరికి అమాయకంగా పుదీనా తుంచుతోంది.

గండం గడిచిందనుకుంది. అత్తగారు యాలకుల పొడి చల్లి, బాగా కలిపి, మీదికి వంగి ఒకసారి వాసన చూసింది. మళ్ళీ ఇంకోసారి చూసింది. స్టీలు గ్లాసు కడిగి, దాని నిండా శర్బత్ పోసుకుని లేచింది.

"ఎక్కడికత్తయ్యా?"

"ఎక్కడికేంది? శనివారం పూట ఇంట్ల ఏది చేసినా ముందుగాల దేవునికే."

విజయశ్రీకి అల్లం నమలకుండానే నోరు మండింది. "దేవుడికి వద్దండీ. ఐసు వేశాను. స్వామికి గొంతు పట్టేస్తుంది."

"ఏడు కొండల మీద చలికి ఆగినోడు నీ ఐసుకు ఆగడా?"

"అది కాదత్తయ్యా. పీచ్ మన దేశపు పండు కాదు కదా."

"ఆయనే లివర్‌మోర్ గుళ్ళెకొచ్చి కూసున్నంక, ఈడి పండు తినకుంటె ఎట్ల?"

అంతే, గ్లాసుతో పూజగదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకుంది. విజయశ్రీ పెరటి తలుపు దగ్గరికి పరిగెత్తింది.

"ఏవండీ, మీ అమ్మగారు మూన్‌షైన్ నైవేద్యం పెడుతున్నారు."

జగన్మోహన్ గ్రిల్ మీంచి తలెత్తాడు. "ఎంత?"

"గ్లాసుడు."

"స్ట్రాంగా?"

"మీరు కలపమన్నట్టే."

"నా చేతులకి మసి ఉంది," అని అతను మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు. "ఇలాంటి చేతుల్తో పూజ దగ్గరికి రాకూడదు."

పదిహేడేళ్ళ కాపురంలో ఈ మనిషి చేతులకి ఏదో ఒకటి అంటుకోని సందర్భం ఒక్కటీ లేదు. విజయశ్రీ తిరిగి లోపలికి పరిగెత్తింది. ఇల్లు కట్టినవాళ్ళు కోట్లు తగిలించుకోవడానికని ఉంచిన అల్మరాగదే వాళ్ళ పూజగది. తలుపు వెనక గంట మోగుతోంది. అత్తగారికి తెలిస్తే టికెట్ ఒక్కటే. దేవుడికి పెట్టాక తెలిస్తే, హనుమకొండ నుంచి హూస్టన్ దాకా బంధువులందరూ వీడియో కాల్‌లోకి వస్తారు. టికెట్టే నయం అనుకుంది.

"అత్తయ్యా, ఆగండి. అది వెనిగర్ కాదు. మందు. పార్టీకని నేనే కలిపాను. తప్పు నాది, ఆయనది కూడా. స్వామికి మాత్రం పెట్టకండి."

గంట ఆగింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కర్పూరం పొగలోంచి అత్తగారు బయటికొచ్చింది. మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు. విజయశ్రీ చూపు నేరుగా ఆవిడ చేతి మీదికి పోయింది.

గ్లాసు ఖాళీగా ఉంది.

"పెట్టేశారా అత్తయ్యా?"

"వెంకన్నకు అరటిపండు పెట్టిన బిడ్డా," అంటూ అత్తగారు గ్లాసు కోడలి చేతికిచ్చింది. "ఆషాఢం బోనాలు గదా, ఊర్ల కల్లు పోసినట్టె ఇది పోచమ్మకు సాక పోసిన. పీచే ఎక్కువైందట, ఇంకో గ్లాసు గట్టిగ కలుపుకరమ్మంటున్నది."