కెప్టెన్ వయసు

“ఇంకోసారి గుర్తు చేసుకోండి అంకుల్. కెప్టెన్‌ని కొన్నది ఏ సంవత్సరం?”

అరుణశ్రీ ఈ ప్రశ్న అడగడం మూడోసారి. సోఫాలో ఉన్న ఈశ్వరరావు నోరు తెరిచేలోపే వంటింట్లోంచి రాములమ్మ జవాబిచ్చింది.

“రెండువేల ఒకటి. మా పృథ్వీ అప్పుడు ప్రైమరీ త్రీ. లెక్కల్లో మంచి మార్కులొచ్చాయని వాళ్ల నాన్న కొనిపెట్టారు. బిస్కెట్టంత ఉండేది.”

“అంటే ఇప్పటికి ఇరవై నాలుగేళ్లు.”

“ఇరవై నాలుగే,” అన్నాడు ఈశ్వరరావు కిటికీలోంచి బయటికి చూస్తూ.

సింగపూర్‌లో, టోవా పాయోలోని ఆ ఫ్లాట్‌లో, వంటింటి వెనక బట్టలారేసే చోట పెద్ద గాజుతొట్టి ఉంది. అందులో రాయెక్కి మెడ చాచి ఎండ కాగుతోంది కెప్టెన్. కళ్ల వెనక ఎర్రటి చారలున్న తాబేలు. నాన్న ఓడల యార్డులో పనిచేసేవాడని పృథ్వీ పెట్టిన పేరది.

పృథ్వీ పోయి పదిహేనేళ్లయింది. పద్దెనిమిదేళ్ల వయసు, బ్లడ్ క్యాన్సర్. ఆఖరి వారంలో ఆసుపత్రి మంచం మీంచి, “అమ్మా, కెప్టెన్ జాగ్రత్త. మనందరికంటే అదే ఎక్కువ కాలం బతుకుతుంది” అన్నాడట. ఒక్కడే కొడుకు. ఆ తర్వాత ఆ ఇంట్లో వాళ్లిద్దరూ, ఆ తాబేలూ.

అరుణశ్రీ సైన్స్ పార్క్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. పెద్దదైన తాబేలు వయసు చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. అడవిలో ఉన్నవన్నీ ముసలివేనా, పిల్లలు బతికి పెద్దవవుతున్నాయా అన్నది తెలియకపోతే వాటిని కాపాడటమూ కష్టమే. అందుకే ఆమె ఒక పరీక్ష తయారు చేస్తోంది. కాలి దగ్గర చిన్న చర్మం ముక్క తీసి, అందులోని కణాలను ల్యాబ్‌లో పెంచి, డీఎన్ఏ మీద వయసుతోపాటు పడే గుర్తులను చదువుతుంది. నాలుగేళ్ల కష్టం అది.

పరీక్ష సరైనదో కాదో తేలాలంటే వయసు కచ్చితంగా తెలిసిన తాబేళ్లు కావాలి. ఎవరో చెబితే ఎనిమిది నెలల కిందట ఈ ఇంటికి వచ్చింది. చర్మం ముక్క అడిగితే భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి “తీసుకోమ్మా” అన్నారు.

నలభై తాబేళ్లకు లెక్క సరిపోయింది. కెప్టెన్‌కి మాత్రం తొమ్మిదేళ్లని వచ్చింది. దాచిన కణాలను మళ్లీ పెంచి చూసింది. మళ్లీ తొమ్మిదే.

ఆ సంగతి ఇక్కడ చెప్పలేక, కాఫీ తాగి లేచింది. “కింద దాకా వస్తాను పద,” అంటూ ఈశ్వరరావు చెప్పులేసుకున్నాడు.

లిఫ్టు దిగి, బ్లాక్ కింద రాతిబెంచీ దగ్గర ఆగాడు.

“ఎంత వచ్చిందమ్మా?”

“తొమ్మిది, అంకుల్.”

ఆయన మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు.

“అసలు కెప్టెన్ పోయి పన్నెండేళ్లయింది తల్లీ. మీ ఆంటీ వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లికని ఊరెళ్లింది. నెల రోజులు నాకప్పజెప్పి వెళ్లింది. నీళ్లు సరిగ్గా మార్చానో లేదో మరి, ఒక పొద్దున చూసేసరికి కదల్లేదు. పిల్లాడు పోయినప్పుడు ఆవిడ ఏడుపు చూశాను. మళ్లీ చూసే ధైర్యం లేకపోయింది. దుకాణాలన్నీ తిరిగి అంతే సైజుది, అలాంటి చారలున్నదే తెచ్చి తొట్టిలో వేశాను. ఆవిడ వస్తూనే ‘కెప్టెన్’ అని పిలిచి మేత వేసింది. హమ్మయ్య అనుకున్నాను.”

“అప్పటికెన్నేళ్లుంటాయి అంకుల్ దానికి?”

“ఐదారేళ్లని చెప్పాడు దుకాణంవాడు.”

అది మరీ చిన్న వయసుదై ఉంటే లెక్క దగ్గరపడుతుందని అరుణశ్రీకి క్షణంసేపు కలిగిన ఆశ కాస్తా జారిపోయింది. ఎంత తగ్గించి చూసినా పదిహేడు. తన పరీక్ష తొమ్మిదంటోంది. అంటే అప్పటికీ తప్పే. కానీ ఆ పెద్దాయన కళ్లు చూశాక ఆ మాట అనాలనిపించలేదు.

“ఆంటీకి నేనేమీ చెప్పను. ఇరవై నాలుగనే అంటాను.”

ఆయన రెండు చేతులూ జోడించాడు.

రైలు స్టేషన్ మెట్ల దగ్గర ఫోన్ మోగింది. రాములమ్మ.

“మీ అంకుల్ పక్కనున్నారామ్మా?”

“లేరు ఆంటీ.”

“వయసెంత తేలింది?”

“ఇరవై నాలుగు, ఆంటీ. సరిగ్గా.”

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

“అలా చెప్పమని ఆయన బతిమాలుంటారు. పాపం, ఊరి నుంచి వచ్చి తొట్టి ముందు నిలబడగానే తెలిసిపోయింది నాకు. పిల్లాడి తాబేలు నాకు తెలీదా? బాత్రూమ్‌లో కొళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆయన అప్పటికే చిక్కి సగమైపోయి ఉన్నారు. తెలిసినట్టు ఎలా కనబడను?”

అరుణశ్రీ కళ్లు తుడుచుకుంది. ఇక దాచాల్సిందేమీ లేదనిపించింది.

“అంకుల్ తెచ్చినదైనా పదిహేడు రావాలి ఆంటీ. తొమ్మిదే వచ్చింది. నా పరీక్షే తప్పు. నాలుగేళ్లు వృథా.”

“తప్పు కాదు తల్లీ,” అంది రాములమ్మ. గొంతు తగ్గించింది.

“ఆయన తెచ్చిందీ పోయింది, ఇది నేను తెచ్చింది.”