కింది ఇంటి సాక్షి

కింద నుంచి కర్రతో సీలింగ్ మీద రెండు దెబ్బలు పడ్డాయి.

స్రవంతి గొంతు తగ్గించింది. పోట్లాట ఆపలేదు.

"తాళి కట్టిన రోజే పెళ్లి రోజు. ఇంటర్వ్యూలో ఆఫీసర్ అడిగితే అదే చెప్పాను. తప్పేంటి?"

"పేపర్ల మీద కోర్టు తేదీ ఉంది. నేను అది చెప్పాను," అన్నాడు ఫణికుమార్. "ఇద్దర్నీ వేరే గదుల్లో కూర్చోబెట్టి అడిగారు. చెరో తేదీ చెప్పాం. గ్రీన్‌కార్డ్ కోసం చేసుకున్న దొంగ పెళ్లి అనుకోరా?"

"కోర్టులో రిజిస్టర్ చేయించి, ముహూర్తం దాకా నన్ను అక్క ఇంట్లోనే ఉండమంది ఎవరు? మీ అమ్మగారు కాదూ?"

మూడో దెబ్బ పడింది.

2009 సంగతి ఇది. అమెరికాలోని ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్, పై అంతస్తు. ఫణి అమెరికా సిటిజన్. స్రవంతి అక్కని చూడ్డానికి విజిటర్ వీసా మీద వచ్చింది. ఇక్కడే సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేశారు. వీసా గడువు దాటిపోయింది. అప్లికేషన్ కొట్టేస్తే ఆమె ఇండియా వెళ్లిపోవాలి. మళ్లీ ఎప్పుడు రానిస్తారో లాయర్ కూడా చెప్పలేకపోయాడు.

కింది ఇంట్లో ఉండేది వీరభద్రరావు. కూతురు ఉషా దగ్గర ఉంటాడు. లాండ్రీ రూమ్‌లో ఎదురైతే ఆయనది ఒకటే మాట.

"కాస్త మెల్లగా పోట్లాడుకోండమ్మా. మీ చారులో ఉప్పెక్కువైన సంగతి కూడా నాకు తెలిసిపోతోంది."

"చెవుల్లో దూది పెట్టుకోండి అంకుల్," అంది ఒకసారి స్రవంతి.

ఆయన నవ్వాడు.

ఒక మధ్యాహ్నం ఫణి ఆఫీస్ నుంచి పెందలాడే వచ్చాడు. పార్కింగ్‌లో కార్ ఆపి, దిగకుండా ఉండిపోయాడు.

వీరభద్రరావు గుమ్మం ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. నడుముకి బ్యాడ్జీలు. ఒకతను రాసుకుంటున్నాడు. వీరభద్రరావు చెయ్యెత్తి పై అంతస్తు చూపిస్తున్నాడు.

వాళ్లు వెళ్లాక ఫణి ఆ గుమ్మం దగ్గరికి వెళ్లాడు. తలుపు ఇంకా తీసే ఉంది.

"ఇమిగ్రేషన్ వాళ్లకి ఏం చెప్పారంకుల్?"

"ఉన్నది చెప్పాను బాబూ."

"అంటే? రోజూ పోట్లాడుకుంటామనా?"

"అవును. అబద్ధమా?"

ఫణి గొంతు పెంచాడు.

"మా కాపురం కూలిస్తే మీకేం ఒరుగుతుందండీ?"

"అది కాదు బాబూ..."

ఫణి వినలేదు. మెట్లెక్కేశాడు.

మర్నాడు వీరభద్రరావు మెట్ల దగ్గర "అమ్మాయ్" అని పిలిచాడు. స్రవంతి మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి సీలింగ్ మీద దెబ్బలు ఆగిపోయాయి.

"సిగ్గేసి ఉంటుంది," అన్నాడు ఫణి.

నెల దాటాక మళ్లీ ఇంటర్వ్యూకి పిలిచారు. ఈసారి ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. ఆఫీసర్ ఫైల్ తెరిచింది.

"మీ ఇంట్లో ఏసీ ఎంత మీద పెడతారు?"

"డెబ్బై ఎనిమిది ఫారెన్‌హీట్," అన్నాడు ఫణి.

"డెబ్బై రెండు," అంది స్రవంతి. "ఈయనే, బిల్లు బిల్లు అని..."

నాలిక్కరుచుకుంది.

ఆఫీసర్ నవ్వింది.

"కింది ఇంటాయన ఇదే చెప్పాడు. పొద్దున ఏసీ గురించి, సాయంత్రం ఉప్పు గురించి. నటించేవాళ్లయితే ఎవరూ చూడనప్పుడు ఇంత చిన్నవాటికి పోట్లాడుకోరన్నాడు. మీవాళ్లకి కోర్టు పెళ్లి ఒకటి, గుడిలో పెళ్లి ఒకటి ఉంటాయని కూడా ఆయనే చెప్పాడు. అప్రూవ్ చేస్తున్నాను."

తిరిగొస్తూ ఇండియన్ స్టోర్ ముందు ఫణి కార్ ఆపాడు. స్వీట్స్ కొన్నారు.

"ముందు నేను అంకుల్ కాళ్లకి దణ్ణం పెడతాను," అంది స్రవంతి.

తలుపు ఉషా తీసింది.

"నాన్న లేరండీ."

"ఎప్పుడొస్తారు?"

"ఇమిగ్రేషన్ వాళ్లు పట్టుకెళ్లారు. డిటెన్షన్‌లో ఉన్నారు. ఇండియా పంపించేస్తారట."

"డిటెన్షన్ ఏంటండీ? ఆయనేం చేశారు?" అన్నాడు ఫణి.

"మీ గురించి అడగాలని తలుపు బయటి నుంచే చెప్పారట, అందుకే తీశారు. చెప్పినవాళ్లు ఎవరో రుజువు లేకపోతే ఆ మాట లెక్కలోకి రాదన్నారట. పాస్‌పోర్ట్ చూపించారు. తర్వాత వారం వేరేవాళ్లు వచ్చి తీసుకెళ్లారు."

"అంకుల్‌కి గ్రీన్‌కార్డ్ ఉంది కదా?"

ఉషా స్రవంతి వైపు చూసింది.

"లేదండీ. ఈ అమ్మాయిలాగే విజిటర్‌గా వచ్చి గడువు దాటి ఉండిపోయారు; ఈ ఆరేళ్లలో నేను ఇంట్లో లేనప్పుడు ఎవరు తలుపు కొట్టినా తీయలేదు, ఆ ఒక్కరోజు తప్ప."