గోడౌన్ కాపలా

"పక్కకి తప్పుకో అన్నా. నీ మీద చెయ్యెత్తడం నాకిష్టం లేదు," అన్నాడు తాపీమేస్త్రి. అతని చేతిలో గడ్డపార ఉంది.

గోడౌన్ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డ వాచ్‌మన్ లాఠీని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. "వెనక్కి పో మేస్త్రీ. పైనుంచి ఆర్డరు రాందే తాళం తియ్యను."

"వెనక్కి పోయి ఏం చెయ్యను? పిల్లలు ఆకలికి ఏడవడం కూడా మానేశారు."

మేస్త్రి ఉండే శరణార్థుల క్యాంపు మొత్తం అతని వెనక నిలబడి ఉంది. వాళ్ల పక్కనే కర్రలతో ఊరివాళ్లు. బయటి దేశాలు సాయం తగ్గించాక క్యాంపులో రేషను ముందు సగమైంది, తర్వాత ఆగిపోయింది. ఈ గోడౌన్లో రేషను బస్తాలు మోసే ఊరి కూలీలకీ పని పోయింది. రోజూ నీళ్ల పంపు దగ్గర తన్నుకునేవాళ్లు ఇవాళ ఒక్కటై వచ్చారు.

వాళ్లని కూడగట్టింది వాచ్‌మన్ బావమరిది, ఊళ్లో కిరాణా కొట్టు నడిపేవాడు. "లోపల బస్తాలు కొండలా ఉన్నాయి. అడ్డం మా బావ ఒక్కడే," అంటూ తనే ముందు నడిచాడు.

"నీ అబ్బ సొమ్మా బావా అది? తాళం తియ్యి."

"మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా. నువ్వు ముందు ఇక్కణ్ణించి కదులు."

"నన్ను పంపింది అక్కే."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే మేస్త్రి గడ్డపార తాళం మీద పడింది.

లాఠీ లేచింది. మేస్త్రి మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. మీదకొచ్చిన బావమరిదికి నుదురు చిట్లి కళ్లలోకి నెత్తురు కారింది. ఆ తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో ఎవరికీ తెలియదు. వాచ్‌మన్‌ని జుట్టు పట్టి లాగి, నేలకేసి కొట్టి, తొక్కారు. తన పక్కటెముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. అయినా పాక్కుంటూ పోయి గడపకి అడ్డంగా పడుకున్నాడు. ఎవరో బూటుకాలితో మొహం మీద తన్నారు. పళ్లు రాలాయి. అతన్ని తొక్కుకుంటూనే తాళం పగలగొట్టారు.

తలుపు తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. చిరిగిన గోతాలు, ఎలక పెంటికలు. ఒక ముసలామె లోపలికి పోయి నేలంతా చేత్తో తడిమి, ఖాళీ చెయ్యి చూసుకుంటూ అక్కడే కూలబడింది.

బావమరిది వాచ్‌మన్‌ని కాలరు పట్టి లేపాడు. "ఎవడికి అమ్ముకున్నావ్?"

"అమ్మడానికేముందిరా? లారీలు ఎప్పుడో ఆగిపోయాయి. ఆఖరి బస్తా కూడా వీళ్లకే పంచారు."

"మరి ఉత్త గదికోసం నా తల పగలగొడతావా?"

వాచ్‌మన్ నెత్తురు ఉమ్మాడు. "లోపల తిండి ఉందనుకున్నన్నాళ్లూ వీళ్లంతా ఈ తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు."

"ఇటు కాకపోతే ఎటు చూస్తారు?" అంటూ బావమరిది వెనక్కి తిరిగాడు.

మేస్త్రి ఎడమచేత్తో గడ్డపార అందుకున్నాడు. క్యాంపు జనమంతా ఊళ్లో ఇళ్ల మీంచి లేస్తున్న వంట పొగకేసి చూస్తున్నారు.