ముక్కు కొస మీద చూపు

సిపాయిలు దళంవాడి శవాన్ని ఊరి చావడి ముందు పడుకోబెట్టి, ఆడవాళ్లను వరుసగా నిలబెట్టారు. ఎవరి కంట నీరొస్తే ఆమెదే చచ్చినవాడి ఇల్లు. దాన్ని తగలబెడతారు.

సత్తెమ్మ శవమై పడున్న తన భర్తను ఒక్కసారి చూసింది.

"పొద్దుగాల ధ్యానంల కూసున్నట్టు నిలబడు బిడ్డా," అంది అత్త ఆండాలమ్మ మెల్లగా. "చూపు కనుబొమ్మల నడుమకు గుంజకు, కండ్లు మండి నీళ్లొస్తయ్. రెప్పలు సగం వాల్చి, ముక్కు కొస మీద వదిలెయ్."

సత్తెమ్మ అలాగే వదిలింది. జమేదారు ఆమె ముఖంలోకి చూసి, ముందుకు కదిలి, అత్త దగ్గర ఆగాడు. నేర్పిన ఆవిడ కళ్లే ధారగా కారుతున్నాయి.

"నీ కొడుకా ముసల్దానా?"

ఆండాలమ్మ నోరు తెరిచేలోగా పక్కనున్నామె ముందుకొచ్చింది. "ఆమె కొడుకెట్లయితడు సాబు? వాడు నా కొడుకు." కొంగు నడుముకు చుట్టి శోకం ఎత్తుకుంది.

"అబద్ధం," అంది వెనకనుంచి ఇంకొకామె. "వాన్ని కన్నది నేను."

వరుస వరుసంతా గుండెలు బాదుకుంటూ ఏడవసాగింది. ఏ ఇంటికి నిప్పు పెట్టాలో జమేదారుకు తెలియలేదు.

అప్పుడు సత్తెమ్మ కళ్లు పూర్తిగా తెరిచి, భర్తను చూస్తూ, గొంతెత్తి ఏడ్చింది.