మీటకు కట్టిన దారం

లంబసింగిలో ఇప్పుడెవరూ కుంపటి రాజెయ్యరు. ఊరి చివర కాగే వేడినీళ్లు గొట్టాల్లో వచ్చి ప్రతి ఇంటి నేల కిందా పారతాయి. ఆ నీళ్లను వదిలే వాల్వును మోటారు తిప్పుతుంది, మోటారును ఇల్లే నడుపుతుంది.

ఆ ఏడు చలి దిగిన మొదటి ఉదయం బంగారమ్మ ఇంట్లో నేల మంచుగడ్డలా ఉంది. బాలింతైన కూతురు సుభాషిణి పసిబిడ్డను గుండెకు హత్తుకుని వణుకుతోంది.

"వాల్వు తెరిచాను. కాసేపట్లో వెచ్చబడుతుంది," అని ఇల్లు గోడలోంచి ఒకటే పాట.

"నీ మొకం! బిడ్డ పాదాలు సూడు," అని కసిరింది బంగారమ్మ.

పొగమంచు విడిచేదాకా మరమ్మతు డ్రోన్ ఎగరదట. ఆమె కొంగు నడుముకు దోపి గొట్టం తడిమింది. వాల్వుకు ఇవతల కాలుతోంది, అవతల చల్లగా ఉంది. మోటారు మూలుగుతోంది గానీ అది తిప్పాల్సిన వాల్వు మీట కదలడం లేదు. దసరాకు ఆయుధపూజ చేసి తను కట్టిన పసుపుదారం ఆ మీటను గొట్టానికి బిగించేసింది.

కత్తెరతో తెంపగానే నీళ్లు గలగలమన్నాయి.

"లోపమేమిటో చెబితే ఊళ్లో ఇళ్లన్నిటికీ చెబుతాను," అంది ఇల్లు.

"సెప్పకే అమ్మా, పరువు పోద్ది!" అంది సుభాషిణి.

"ఎందుకు పోద్ది? దారం గొట్టానికి కట్టాల, మీటకి కాదు. బంగారమ్మ కనిపెట్టిందని నా పేరెట్టి మరీ సెప్పు."

కాసేపటికి పొగమంచులోంచి పక్కింటావిడ కేకేసింది. "పిన్నీ, మాదీ దారమే! ఇప్పుడు ఎచ్చబడింది!" ఆ వెనకే మరో గడప నుంచి, ఇంకో గడప నుంచి అదే కేక.

వేడి పోతోంది, తలుపు వెయ్యమని ఇల్లు ఎంత మొత్తుకున్నా, ఆఖరి కేక వినేదాకా బంగారమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.