వెనక సీటు

సీటు ముందు బిగించనని మునిచంద్ర రెండోసారి చెప్పాడు.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద కారు సామాన్లు అమ్మే దుకాణం అది. మునిచంద్ర అందులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డ ధర్మేంద్ర శ్రీసిటీలోని ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పుట్టింట్లో ఉన్న భార్య భానుప్రియనూ, నలభై రోజుల కూతుర్నీ తడలో ఉన్న తన ఇంటికి తీసుకుపోవడానికి కొత్త కారులో వచ్చాడు. తోడుగా అత్త చెంగమ్మ కూడా బయలుదేరింది. దారిలో ఆగి పసిపిల్లల సీటు కొన్నాడు. దాన్ని డ్రైవరు పక్కనే బిగించమన్నాడు. నడుపుతూ బిడ్డ ముఖం చూసుకోవచ్చని అతని ఆశ.

"ముందర ఎయిర్‌బ్యాగు ఉండాది సార్. అది విచ్చుకుంటే నేరుగా ఈ సీటునే కొడతాది. ఆడ నేను బిగించను" అన్నాడు మునిచంద్ర.

కొన్నవాడికి లేని బాధ నీకెందుకని ధర్మేంద్ర విసుక్కున్నాడు. ఇంకో దుకాణం చూసుకుంటానన్నాడు. లోపల్నుంచి యజమాని మోహన్ వచ్చి, మునిచంద్రను పక్కకు పిలిచి, అమ్మడం వరకే మన పని, యాడ పెట్టుకుంటే మనకేమని మెల్లగా కోప్పడ్డాడు.

"అయితే ఇంకెవురి చేతనైనా బిగించుకో అన్నా" అన్నాడు మునిచంద్ర.

దుకాణంలో ఇంకెవరికీ ఆ పని రాదు. మోహన్ లోపలికి వెళ్లిపోయాడు.

సరే, వెనకే పెట్టమన్నాడు ధర్మేంద్ర. మునిచంద్ర సీటును వెనక్కి తిప్పి పెట్టాడు. ఈసారి చెంగమ్మ అడ్డుపడింది. బిడ్డ రోడ్డుకు వీపు పెట్టి కూర్చోవడమేమిటని అడిగింది. ఇంత పసిబిడ్డకు మెడ నిలవదనీ, సడన్ బ్రేకు పడితే దెబ్బంతా సీటు వీపు మీద పడాలి గానీ మెడ మీద పడకూడదనీ అతను వివరించాడు. ఆమె వినలేదు.

"ముగ్గురు బిడ్డల్ని ఒళ్లో పెట్టుకోనే పెంచినాను. ఈ గంపెందుకప్పా? నా చేతుల్లోంచి యాడికి పోతాది?"

మునిచంద్ర ఆడవాళ్లను బిడ్డతో సహా దుకాణంలో కూర్చోబెట్టాడు. పొద్దున తన ఇంటికని కొన్న ఐదు కిలోల బియ్యం సంచి తెచ్చి, వెనక సీట్లో బెల్టు పెట్టుకున్న ధర్మేంద్ర ఒళ్లో పెట్టాడు. గట్టిగా పట్టుకోమన్నాడు. తాను స్టీరింగు ముందు కూర్చున్నాడు. ధర్మేంద్ర రోజూ జిమ్‌కు పోయే మనిషి. సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుని నవ్వాడు.

దుకాణం వెనక ఖాళీ జాగాలో మునిచంద్ర కారును ముప్పై స్పీడుకు తెచ్చి, చెప్పకుండా బ్రేకు తొక్కాడు.

సంచి ముందు సీటు వీపుకు కొట్టుకుని పగిలింది. బియ్యం కారంతా చిందింది. ధర్మేంద్ర చేతులు మాత్రం ఇంకా పట్టుకున్నట్టే ఉన్నాయి.

కారు తిరిగి వచ్చింది. చెంగమ్మ కారు తలుపు తీసి చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని బియ్యం ఎత్తడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పలేదు. మునిచంద్ర మోకాలితో సీటును అదిమిపెట్టి బెల్టు బిగించాడు. అడుగున పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. అంగుళం కూడా కదల్లేదు. బిడ్డ తల ముందుకు వాలకుండా సీటు వాలు సరిచేశాడు. బిడ్డకు చుట్టిన దుప్పటి తీయించాడు. పట్టీలు ఒంటికి ఆనించి, వాటి మీద దుప్పటి కప్పమని భానుప్రియకు చూపించాడు. ఆమెతో పట్టీలు రెండుసార్లు పెట్టించి, తీయించాడు. మూడోసారి ఆమే అడిగి మళ్లీ పెట్టింది. బిడ్డ కాసేపు ఏడ్చి నిద్రపోయింది.

ధర్మేంద్ర అతని చెయ్యి పట్టుకున్నాడు. "నేను ముందర సీట్లోనే పెట్టి ఉంటే..." అని ఆగిపోయాడు.

"మెల్లగా పోండి సార్. నాయుడుపేట దాటినాక లారీలు జాస్తి" అన్నాడు మునిచంద్ర.

చెంగమ్మ బిడ్డ పక్కన కూర్చుని, ఎవరూ చెప్పకముందే తన బెల్టు పెట్టుకుంది. కారు మలుపు తిరిగేదాకా మునిచంద్ర రోడ్డు మీదే నిలబడ్డాడు.

సాయంత్రం షట్టర్ దింపి, ఎనిమిది నెలల కొడుకును ఎత్తుకుని దుకాణానికి వచ్చిన భార్యను మోటార్ సైకిల్ మీద వెనక ఒకపక్కగా కూర్చోబెట్టుకుని, మూడేళ్ల కూతుర్ని పెట్రోలు ట్యాంకు మీదికి ఎక్కించి, అతను లారీల మధ్యగా శ్రీకాళహస్తి వైపు బండి పోనిచ్చాడు.